తప్పిపోయిన జవాబు పత్రాల కట్ట: నా అనుభవం

2022 డిసెంబరులో, అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన మూడో రోజున, ఏడో తరగతి గణితం జవాబు పత్రాల కట్ట నా దగ్గర కనిపించకుండా పోయింది. అందులో 38 పత్రాలు ఉన్నాయి. పరీక్ష గదిలో వాటిని వరుస సంఖ్యల ప్రకారం సర్ది, నీలం దారంతో కట్టి, చంకలో పెట్టుకొని బయటికి రావడం వరకు నాకు స్పష్టంగా గుర్తున్నది. ఆ తరువాత ఏం జరిగిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. స్టాఫ్ రూము బీరువా, ఇంట్లో మంచాల కింద, ఆటోలో నేను కూర్చొనే చోటు, పాత పేపర్ల మూట, అన్నీ వెతికాను. తొమ్మిదో రోజున వంటమ్మ బియ్యం బస్తా జరిపినప్పుడు, మధ్యాహ్న భోజనం సామాన్లు ఉంచే గది మూలలో ఆ కట్ట దొరికింది. పరీక్ష రోజున బియ్యం లెక్క చూడమని ఎవరో పిలిస్తే ఆ గదిలోకి వెళ్లాననీ, చేతిలోది బస్తా మీద పెట్టి లెక్క చూసి, ఖాళీ చేతులతో బయటికి వచ్చేశాననీ అప్పుడు గుర్తుకు వచ్చింది. పై రెండు పత్రాల అంచులను ఎలుకలు కొరికాయి. నాలుగు పత్రాలకు తేమ తగిలి సిరా అలుక్కుపోయింది.

ఆ తొమ్మిది రోజులూ తరగతిలో లెక్కలు బాగా చేసే ఒక అమ్మాయి ప్రతి ఉదయం ప్రార్థన కాగానే నా దగ్గరకు వచ్చి, "టీచర్, మా పేపర్లు దిద్దారా?" అని అడిగేది. నేను "రేపమ్మా" అనేదాన్ని. కట్ట పోయిందని చెప్పలేకపోయాను. ఆ పిల్ల ముందు ఆడిన ఆ తొమ్మిది అబద్ధాలే నన్ను వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాయి. నాకు ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవని, కొందరిలో అతిచురుకుదనం కూడా ఉండే స్థితి, ఉన్నదని చివరికి అలాగే తెలిసింది.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఇటువైపు ఉండిపోయింది కనుక, మేము ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా మాట్లాడుతూ పెరిగాము. నేను ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు మాధ్యమం పిల్లలకు గణితం, సైన్సు చెబుతాను. పాఠం తెలుగులో సాగినా రికార్డులు ఒడియాలో రాయాలి. ఉద్యోగంలో చేరి అప్పటికి పదమూడేళ్లు అయింది.

నన్ను ఎరిగిన వారెవరైనా నేను బాగా పాఠం చెబుతాననే అంటారు. తరగతిలో నిలబడినంతసేపు నా దృష్టి చెదరదు. భిన్నాల గురించి చెబుతూ ఎదురుగా ఉన్న నలభై ముఖాల్లో ఏ ఒక్కటి ముడుచుకున్నా వెంటనే పట్టుకోగలను. గంట కొట్టడం, పిల్లల ప్రశ్నలు, సుద్దముక్క చప్పుడు, ఎవరో లేచి నిలబడడం, వీటన్నిటి మధ్య నా మనసు హాయిగా పనిచేస్తుంది. పిల్లలు వెళ్లిపోయి, బల్ల మీద కాగితాలు మాత్రమే మిగిలినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. హాజరు పట్టీలో నెలాఖరు మొత్తాలు వేయడం, పాఠ్య ప్రణాళిక రాయడం, యూడైస్ అనే ప్రభుత్వ పోర్టల్‌కు బడి వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడం, జవాబు పత్రాలు దిద్దడం వంటి పనుల ముందు కూర్చుంటే పది నిమిషాల్లో లేచిపోయేదాన్ని. లేచిన సంగతి కూడా నాకు తెలిసేది కాదు. కిటికీ దగ్గరో కుళాయి దగ్గరో నిలబడి ఉన్నప్పుడు, ఇక్కడికి ఎందుకు వచ్చానని ఆలోచించేదాన్ని. గడువు ముందు రాత్రి మాత్రం భయంతో కూర్చొని తెల్లవారు మూడు గంటల వరకు మొత్తం పూర్తి చేసేదాన్ని. పదమూడేళ్ల ఉద్యోగం అలాంటి రాత్రుల మీదనే నడిచింది.

దీనికి మా ఇంట్లోనూ బడిలోనూ రకరకాల పేర్లు ఉండేవి. పరధ్యానం అని నాన్న, నిలకడ లేదని అత్తగారు, నిర్లక్ష్యమని ఒక పాత ప్రధానోపాధ్యాయుడు అనేవారు. అమ్మ మాత్రం ఏ పేరూ పెట్టకుండా, "ఏటమ్మా, మళ్లీ అక్కడే మర్చిపోనావా?" అని గొడుగు తెచ్చి ఇచ్చేది. నేను ఈ పేర్లన్నీ నిజమని నమ్మాను. రేపటి నుంచి పట్టుదలగా ఉండాలని ప్రతి జనవరిలోనూ ఒట్టు పెట్టుకున్నాను. పట్టుదల లేక కాదు. పట్టుదల ఉన్నందువల్లనే ఆ రాత్రులన్నీ మేలుకోగలిగాను.

కట్ట దొరికిన తరువాతి ఆదివారం 14416కు ఫోన్ చేశాను. అది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు. ఎవరితోనూ చెప్పుకోలేని విషయాన్ని తెలుగులో చెప్పుకొనే వీలు కలగడమే నాకు మొదటి ఊరట. అవతలి ఆమె తొందర పెట్టకుండా విన్నది. ఇది నిద్రలేమి వల్ల కావచ్చు, దిగులు వల్ల కావచ్చు, థైరాయిడ్ వల్ల కావచ్చు, ఏడీహెచ్‌డీ కూడా కావచ్చు, ఏదైనా మానసిక వైద్యులే నిర్ధారించాలి అని చెప్పింది. ఆ చివరి పేరు నేను బీఎడ్‌లో చదివాను. బడిలో కుదురుగా కూర్చోలేని మగపిల్లల గురించి రెండు పేరాలు ఉండేవి. అది నాకు వర్తిస్తుందని ఏనాడూ అనుకోలేదు.

మొదట కలిసిన వైద్యుడు నా మాట రెండు నిమిషాలు కూడా వినలేదు. ఇది పిల్లలకు వచ్చేదనీ, డిగ్రీ, బీఎడ్ చదివి సర్కారు ఉద్యోగం చేస్తున్న మనిషికి ఎలా ఉంటుందనీ అడిగి, నిద్రమాత్రలు రాసి పంపించాడు. ఆ చీటీని నెల రోజులు సంచిలో ఉంచుకొని తిరిగాను. ఇలాంటి మాట విని ఆగిపోయినవారు ఇంకెందరో ఉంటారు కనుక దీన్ని దాచకుండా రాస్తున్నాను. చదువు పూర్తి చేసినంత మాత్రాన ఈ ఇబ్బంది లేదని అనుకోకూడదు. ఆ చదువు పూర్తి చేయడానికి మనిషి ఎంత మూల్యం చెల్లించిందో కూడా అడిగి తెలుసుకోవాలి.

2023 మార్చిలో గుణుపురం నుంచి విశాఖ వెళ్లే పాసింజరు ఎక్కి, అమ్మను వెంటబెట్టుకొని, విశాఖపట్నంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్లాను. అమ్మను తీసుకురమ్మని ముందే చెప్పారు. పెద్దవారిలో ఏడీహెచ్‌డీ ఉన్నదని నిర్ధారించాలంటే పన్నెండేళ్లు నిండకముందే దాని లక్షణాలు కొన్ని కనిపించి ఉండాలి. బడిలో ఉన్న ఇబ్బంది ఇంట్లో కూడా, అంటే కనీసం రెండు చోట్ల, ఉండాలి. ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాలు, అతిచురుకుదనానికీ ఆత్రానికీ సంబంధించిన మరో తొమ్మిది ఉంటాయి. పిల్లల్లో వీటిలో ఏదో ఒక జాబితా నుంచి కనీసం ఆరు కనిపించాలి, పదిహేడేళ్లు నిండిన వారిలో ఐదు చాలు. అవి ఆరు నెలలుగా కొనసాగుతూ ఉండాలి, మరే జబ్బుతోనూ వాటిని ఇంతకంటే బాగా వివరించలేని పరిస్థితి ఉండాలి. ఇవన్నీ డాక్టరమ్మ ఒక్కొక్కటిగా విడమరచి చెప్పారు.

ముందుగా నింపమని ఇచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ప్రశ్నావళి ఇంగ్లీషులో ఉన్నది. అందులో 18 ప్రశ్నలు ఉంటాయి, మొదటి ఆరు ముఖ్యమైనవి. ఒక పనిలో కష్టమైన భాగం అయిపోయాక మిగిలిన చిన్నచిన్న వివరాలు పూర్తి చేయడం ఎంత తరచుగా కష్టమవుతుందన్నది మొదటి ప్రశ్న. అది చదవగానే నాకు ముప్పై ఎనిమిది పత్రాలు గుర్తుకు రాలేదు. ప్రతి ఏడాదీ మార్కులన్నీ కూడి, పట్టికలో వేసి, చివర సంతకం పెట్టకుండా వదిలేసిన మార్కుల రిజిస్టర్లు గుర్తుకు వచ్చాయి. పెన్ను చేతిలో ఉంది, పట్టిక ముందు ఉంది, చేయవలసింది సంతకం ఒక్కటే. అయినా ఏళ్ల తరబడి నేను ఆ సంతకాన్ని రేపటికి వాయిదా వేశాను.

అమ్మను అడిగినప్పుడు ఆమె తడుముకోలేదు. "సిన్నప్పట్నుంచీ ఇంతే బాబూ. ఉప్పుకి పంపితే ఉప్పు తప్ప అన్నీ తెచ్చీది. అన్నం ముందల ఎట్టుకుని కిటికీలోంచి సిన్న రైలు సూస్తూ కూకునీది, రైలు ఎల్లిపోయినాక కూడా అక్కడే సూసీది" అన్నది. అప్పట్లో నౌపడా నుంచి గుణుపురానికి నడిచిన నారోగేజ్ బండి మా వీధి చివర నుంచి పోయేది. అమ్మ తన పాత ట్రంకుపెట్టెలోంచి తీసి తెచ్చిన నా ఐదో తరగతి ప్రగతి పత్రంలో ఒడియాలో ఒక వాక్యం ఉన్నది. తెలివి ఉన్నది, మనసు పెట్టదు అని దాని అర్థం. డాక్టరమ్మ ఆ వాక్యాన్ని నా చేత రెండుసార్లు తెలుగులో చెప్పించుకొని రాసుకున్నారు. నేను రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1987లోనే, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన కైపుస్తకంలో ఈ స్థితికి ఏడీహెచ్‌డీ అన్న పేరు పెట్టింది. మా ఊరి బడికి ఆ పేరు చేరలేదు, వాక్యం మాత్రమే చేరింది.

థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించారు. నిద్ర గురించీ దిగులు గురించీ వేరుగా అడిగారు. రెండోసారి వెళ్లినప్పుడు, నాకు ఉన్నది ప్రధానంగా ఏకాగ్రత లోపించే రకమని చెప్పారు. ఈ రకంలో మనిషి గెంతడు, అల్లరి చేయడు కనుక, ముఖ్యంగా ఆడపిల్లల్లో ఎవరూ గుర్తించరనీ, చాలామంది ఆడవారికి ముప్పై, నలభై ఏళ్ల వయసులో గానీ తెలియదనీ అన్నారు. ఇది చాలావరకు పుట్టుకతో, వంశపారంపర్యంగా వచ్చేదేనని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయట. మెదడులో డోపమైన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాల పనితీరుకు దీనితో సంబంధం ఉన్నది. అందుకే ఆసక్తి, తొందర, భయం ఉన్న పని జరుగుతుంది, అవి లేని పని ఎంత ముఖ్యమైనదైనా మొదలు కాదు. నా తరగతికీ నా రిజిస్టరుకూ మధ్య ఉన్న తేడాను ఈ ఒక్క మాట నాకు వివరించింది. తిరుగు రైలులో అమ్మ నిద్రపోతూ ఉంటే నేను టెక్కలి దాటే వరకు ఏడుస్తూ కూర్చున్నాను. అది దుఃఖమో నిశ్చింతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

మందుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. బీపీ, నాడి చూసి, ఈసీజీ తీయించి, మొదట మిథైల్‌ఫెనిడేట్ తక్కువ మోతాదులో ఇచ్చారు. వేసుకున్న గంట లోపల ఏదో హుషారు వస్తుందని నేను భయపడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. నాలుగో రోజున మూడో పీరియడ్ ఖాళీగా ఉంటే, స్టాఫ్ రూములో కూర్చొని ఆ వారం హాజరు మొత్తాలు వేసి, సంతకం పెట్టి, పుస్తకం మూసి, అప్పుడు మంచినీళ్లకు లేచాను. లేచాక గానీ నేను లేవకుండా కూర్చున్నానన్న సంగతి తెలియలేదు. అయితే మధ్యాహ్నం ఆకలి పూర్తిగా పోయేది. సాయంత్రం మందు ప్రభావం తగ్గేటప్పుడు పిల్లల మీద చిరాకు పడేదాన్ని.

ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకం మీద కఠిన నియమాలు ఉన్న మందుల జాబితాలో, ఉన్నది. దానికి వేరే లైసెన్సు ఉన్న దుకాణంలోనే అమ్మాలి, చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒక ప్రతిని దుకాణంవారు రెండేళ్లు భద్రపరచాలి. దుర్వినియోగం జరగకుండా పెట్టిన ఈ నియమాన్ని నేను తప్పుపట్టను. కానీ మా ఊళ్లో నేను అడిగిన ఏ దుకాణంలోనూ అది దొరకలేదు. ప్రతి నెలా సెలవు పెట్టి, చీటీ మరచిపోకుండా, మందు అయిపోకముందే విశాఖ వెళ్లి రావాలి. ముందుచూపుతో తేదీలు గుర్తుపెట్టుకోలేని మనిషికి ఆ పని చాలా కష్టమవుతుంది. సరిహద్దు జిల్లాల్లో ఉన్నవారి మీద ఈ భారం ఎంత పడుతున్నదో ఎవరైనా ఆలోచించాలి. ఆగస్టులో నేను పదకొండు రోజులు మందు లేకుండా ఉన్నాను.

అందువల్ల డాక్టరమ్మ అటమాక్సెటిన్‌కు మార్చారు. అది మిథైల్‌ఫెనిడేట్‌లాగా ఉత్తేజకం కాదు, రోజూ వేసుకోవాలి, పూర్తి ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రెండు వారాలు వికారంగా ఉండేది, అన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టాక తగ్గింది. నోరు ఎండిపోవడం ఇప్పటికీ ఉన్నది. రోజుకు ఆరు పీరియడ్లు మాట్లాడే మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు కనుక నీళ్ల సీసా లేకుండా తరగతిలోకి వెళ్లను. మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చినంత స్పష్టత దీనితో లేదు. కానీ రోజంతా ఒకే తీరుగా ఉంటున్నాను, సాయంత్రం చిరాకు పోయింది. ఏ మందు ఎవరికి సరిపడుతుందో వైద్యులు చూసి చెప్పవలసిందే, నా లెక్క మరొకరికి పనికిరాదు.

మందు ఒక్కదానితో బడి పని చక్కబడలేదు. డాక్టరమ్మ దగ్గరే ఉన్న సైకాలజిస్టు గారు ఐదు పూటలు నాతో కూర్చొని, ఏ పని ఎక్కడ జారిపోతున్నదో గీసి చూపించారు. గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించడం మానేసి, గుర్తుపెట్టుకోవలసిన అవసరమే రాకుండా వస్తువులను ఏర్పాటు చేసుకోవాలని ఆయన చెప్పారు. మొదట తరగతి గడియారాన్ని మార్చాను. అది నల్లబల్ల పైన, నా వెనక ఉండేది. దాన్ని తీసి, పిల్లల వెనక గోడకు, నేను ఎప్పుడు తల ఎత్తినా కనిపించేటట్లు కొట్టించాను. కాలం ఎంత గడిచిందో నాకు లోపలి నుంచి తెలియదు, కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. ఈ ఒక్క మేకుతో పాఠం ముగింపు, ఇంటిపని చెప్పడం రెండూ గంటలోపల కుదిరాయి.

హాజరు పట్టీని ప్రార్థన అయిన వెంటనే, తరగతి గడప దాటకముందే వేస్తాను. తరగతి లీడరు పట్టీ, పెన్ను పట్టుకొని గుమ్మంలో నిలబడతాడు, నేను నిలబడే పిలుస్తాను, భోజనం సంఖ్య అప్పుడే వంటమ్మకు చేరుతుంది. ఫోన్‌లో రాసుకోవడం మానేశాను, ఎందుకంటే ఫోన్ తెరిస్తే రాయవలసింది మరచిపోయి మరొకటి చూస్తాను. కిరాణా దుకాణాల్లో వాడే పొడవాటి పద్దు పుస్తకం ఒకటి కొని సంచికి తాడుతో కట్టాను. ఎవరు ఏం చెప్పినా అందులో రాసిన తరువాతే "సరే" అంటాను.

పేపర్లు దిద్దడం గురించి ఉపాధ్యాయులు ఎవరైనా చదువుతూ ఉంటే ఇది వారికి పనికిరావచ్చు. ఒక పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా దిద్దడం మాని, 38 పత్రాల్లోనూ మొదటి ప్రశ్నను మాత్రమే దిద్దుతాను, తరువాత రెండోది. ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే ఆసక్తి పుడుతుంది, ఎక్కడ నా బోధన తప్పిందో కూడా తెలుస్తుంది. ఇంటికి ఒక్క పత్రం కూడా తీసుకువెళ్లను. బడి వదిలాక ఒడియా చెప్పే ఒక సహోద్యోగిని తన పని తాను చేసుకుంటూ నా ఎదురుగా కూర్చుంటుంది. ఆమె నన్ను ఏమీ అడగదు, నేనూ మాట్లాడను. పక్కన మరొకరు పనిచేస్తూ ఉంటే నేను కుర్చీలోంచి లేవడం సగానికి సగం తగ్గింది. నేను ఏదో చెప్పబోతే ఆమె, "ముందు మూడో ప్రశ్న దిద్దండి దిదీ" అంటుంది. పత్రాల కట్ట రాత్రికి ఆమె బీరువాలోనే ఉంటుంది.

ప్రధానోపాధ్యాయుడికి చెప్పాలా వద్దా అని నాలుగు నెలలు తర్జనభర్జన పడ్డాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నా వైద్య వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కు నాకు ఉన్నది. మరోవైపు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు ఉన్నాయి గానీ ఏడీహెచ్‌డీ విడిగా లేదు. అంటే బడిలో నాకు ఏ సర్దుబాటు దొరికినా అది ఎదుటివారి మంచితనం మీదనే ఆధారపడుతుంది. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. చివరికి జబ్బు పేరు చెప్పకుండా, నాకు నోటిమాటగా చెప్పిన పని నిలవదనీ, కాగితం మీద రాసి ఇస్తే తప్పక చేస్తాననీ మాత్రం ఆయనతో చెప్పాను. "అంతే కదమ్మా, రాసే ఇస్తాను" అన్నారాయన. ఆ రోజు నుంచి నా బల్ల మీద చిన్న చీటీలు వస్తున్నాయి.

నాకు తెలిసిన తరువాత పిల్లలను చూసే చూపు కూడా మారింది, అందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. ఆరో తరగతిలో ఒక సవర తెగ అబ్బాయి ఎప్పుడూ కిటికీ వైపు చూస్తూ ఉండేవాడు. నాలాంటివాడే అనుకొని నేను తొందరపడ్డాను. కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఆ పిల్లవాడికి ఇంట్లో సవర భాష తప్ప మరొకటి లేదనీ, నేను చెప్పే తెలుగులో సగం వాడికి అందడం లేదనీ తెలియడానికి నెల పట్టింది. మా పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను ఆ భాష నేర్చుకున్నారు. ఆ సంగతి ప్రతి ఆగస్టు 29న వేదిక మీద చెప్పే నేను, నా తరగతిలో దాన్ని మరచిపోయాను. ఇప్పుడు ఏ పిల్లకైనా దృష్టి నిలవకపోతే ముందు భాష, తరువాత చెవి, కళ్లు, ఆకలి, ఇంటి పరిస్థితి చూస్తాను. పేరు పెట్టడం నా పని కాదు. మరో పిల్లవాడు నిజంగానే కుదురుగా కూర్చోలేడు. వాడు వెనక బెంచీ దగ్గర నిలబడి లెక్కలు చేసుకుంటానంటే వద్దనను. తల్లిదండ్రులను పిలిపించి, కోప్పడకుండా, చూసిన విషయం మాత్రం చెప్పి, డాక్టరుకు చూపించమన్నాను.

ఇప్పటికీ తప్పులు జరుగుతూనే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఉదయపు బడులు మొదలైనప్పుడు రెండు రోజులు ఆలస్యంగా వెళ్లాను. నెలాఖరు మొత్తాలు ఒకసారి తప్పాయి. కానీ కిందటి అర్ధసంవత్సర పరీక్ష పత్రాలను ఏడో రోజున పిల్లల చేతికి ఇచ్చాను. అంతకుముందు, ఎలుకలు కొరికిన ఆ కట్టలోని పిల్లలందరికీ ఏం జరిగిందో తరగతిలో నిలబడి చెప్పి, అబద్ధం చెప్పినందుకు క్షమించమని అడిగాను. రోజూ అడిగే ఆ అమ్మాయి, సిరా అలుక్కుపోయిన తన పత్రాన్ని వెలుతురుకు పట్టి చూసి, ఎనిమిదో లెక్కకు నేను అర మార్కు తక్కువ వేశానని చూపించింది. నిజమే. సరిచేసి, రిజిస్టరులో దిద్ది, పక్కన సంతకం పెట్టాను.

వచ్చే మార్చిలో మా ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తారు. కొత్తగా వచ్చేవారికి చీటీల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ రోజు ఏం చెప్పాలో పద్దు పుస్తకం చివరి పేజీలో ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఒడియాలో రాసి ఉంచాను.